సంతకం పడిన చోటు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లన్నీ తిరిగి స్వాతి సంతకాలు పోగుచేస్తోంది. జనం నెట్‌లో ఏం చూస్తున్నారో కనిపెట్టి, ఇంటర్నెట్ కంపెనీ ఆ వివరాలు ప్రకటనల వాళ్ళకి అమ్ముకుంటోందని ఆమె మంట.

“చూడు నాన్నా, ఏ పేజీ తెరిచినా ఫాల్తూ కంటి ఆసుపత్రి యాడ్‌లే! మనింట్లో ఎవరికి కళ్ళు పోయాయని?”

డ్యూటీ బ్యాగు సర్దుతున్న అప్పలస్వామి చెయ్యి ఆగింది. “మనం ఏటి ఎతికితే అది ఆళ్ళకి తెలిసిపోతాదేటి?”

“అంతా తెలుస్తుంది. అందుకే ఆపమంటున్నాం.”

“అయితే నానూ సంతకం పెడతాను. ఇలాగియ్యి.”

గబగబా పెట్టేశాడు. సంతకం మాత్రం కాగితం మీద కాక, పక్కన బల్ల మీద పడింది. ఆ సంగతి ఆయనకి తెలియలేదు.

“కట్నీ ప్యాసింజర్ నడపాల, టైమైపోతంది,” అంటూ బ్యాగు భుజాన వేసుకున్నాడు.

స్వాతి కాగితాలు వదిలేసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.