పేరులో రెండో సగం

సెమిసి పోతూ పోతూ కూతుర్ని ఒక్కటే కోరాడు.

"ఆనా వస్తుంది. నా తల దగ్గర కూర్చోబెట్టు."

"ఏ ఆనా నాన్నా?"

"మీ అత్తనడుగు."

మెలెఆనాకు పుట్టినప్పటి నుంచీ ఇదే జవాబు. టోంగాలో పిల్లకు పేరు పెట్టే హక్కు మేనత్తది. ఆ పేరు గుట్టు విప్పే హక్కూ ఆమెదే. మొదటి సగం మెలె, నాయనమ్మ. ఊళ్లో పేరున్న పేరు. రెండో సగం మాత్రం ఊరూ పేరూ లేని పేరు. లోసేలీ అత్తనడిగితే, "నీ పెళ్లినాడు చెప్తాలేవే" అనేది. పెళ్లీ కాలేదు, చెప్పనూ లేదు.

పూడ్చే రోజు పొద్దుటి పడవలో ఓ ముసలమ్మ దిగింది. మోకాళ్ల నుంచి చెవుల దాకా చిరుగుల చాప చుట్టుకుంది.

చావింట్లో అందరూ ఒంటికి చాప చుట్టుకుంటారు, అంతస్తు చెప్పేది ఆ చాపే. చాప ఎంత పెద్దదైతే మనిషి అంత చిన్న.

"వంట దగ్గరికి పో అవ్వా," అంది మెలెఆనా.

ముసలమ్మ ఆమె మొహంలోకి ఓ క్షణం చూసింది. "అలాగే తల్లీ."

గుంట పొయ్యి దగ్గర కందగడ్డలు చెక్కుతున్న కుర్రాడు తెవితా నవ్వాడు. "ఏం అవ్వా, నువ్వు చాప చుట్టుకున్నావా, చాపే నిన్ను చుట్టుకుందా?"

"ముందా కందగడ్డ చెక్కు తియ్యరా. గడ్డ కన్నా నీ గడ్డమే ఎక్కువ కనబడుతోంది!"

అందరూ గొల్లుమన్నారు.

"పనికొచ్చావా, పరాచికాలకొచ్చావా?" మెలెఆనా కసిరింది.

ముసలమ్మ తల వంచుకుని పొయ్యి ఊదింది.

తండ్రి తల దగ్గర, అందరికన్నా గొప్పవాళ్లు కూర్చునే చోటు ఖాళీగానే ఉంది. నడుముకు మేలు చాప కట్టిన ప్రతి పెద్దావిడనూ మెలెఆనా అడిగింది, "మీరు ఆనా గారా?" అని. ఎవరూ కారు.

అత్త పడవ ఆలస్యమైంది. పాదిరి ఆగలేదు. పూడ్చేశారు.

మధ్యాహ్నం లోసేలీ అత్త రొప్పుతూ వచ్చింది.

"ఆనా రాలేదత్తా. నాన్న మాట నిలబెట్టలేకపోయాను."

"రాకపోవడమేమిటే? రేవులో నేను దిగుతుంటే ఎక్కింది. ఒళ్లంతా మసి. ఇంత పెద్ద చాపేమిటే అంటే, దుఃఖం అంతుంది అంది. పిల్ల చక్కగా ఎదిగింది లోసేలీ అని ఒకటే ఏడుపు."

మెలెఆనా రేవు వైపు చూసింది. మేలు చాపలన్నిటినీ పేరడిగింది. ఆ చిరుగుల చాపను అడగనే లేదు.

దూరంగా పడవ కూసింది.

"ఎవరత్తా ఆమె?"

"వవావు దీవిలో మా పక్కింటావిడ. నువ్వు పుట్టిన పూటే మీ అమ్మ పోయింది. ఆ వారమే ఆనా తన పసిగుడ్డును మట్టిలో పెట్టి వచ్చి, ఆ బిడ్డ పాలు నీకు పట్టిందే."