పసుపు రాసిన దర్వాజ

అమరేందర్‌కు విసుగు నెత్తికెక్కింది. మేళ్లచెరువులో కడుతున్న క్వార్టర్లకు అతను గీసిన నక్షా కొత్త కంప్యూటర్లో గోడలు, కిటికీలు, కప్పుతో సహా నిజం ఇల్లులాగే నిలబడి ఉంది. వెనక గోడకు మాత్రం మళ్లీ దర్వాజ. ఎన్నిసార్లు చెరిపినా, ఫైలు మూసి తెరిచేసరికి అక్కడే ఉంటోంది. రేపు పొద్దున పెద్ద ఇంజనీరు కంట్లో పడితే కొలువు ఊడినట్టే.

మొదట్లో పొరపాటున ఆ దర్వాజ పెట్టింది అతనే. మేస్త్రీ రఘుపతి ఆ నక్షా ప్రకారమే మొదటి ఇంటికి దర్వాజ నిలబెట్టి, పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. తప్పు తెలిశాక అమరేందర్ దాన్ని పీకించి, ఇటుకలతో మూయించాడు.

"పూజ చేసి నిలబెట్టిన దర్వాజ సారూ. పీకితే ఊకుంటదా?" అన్నాడు రఘుపతి ఈ సాయంత్రం పని దిగి పోతూ.

"ఊకోక ఏం జేస్తది? కోర్టుకు పోతదా?"

ఆ మొదటి ఇల్లే ఇప్పుడు ఆఫీసు. మూయించిన గోడ వైపు వీపు పెట్టి, రాత్రి ఒక్కడే కూర్చున్నాడతను.

"నీయవ్వ, పోతవా పోవా!" అంటూ మళ్లీ చెరిపాడు. మూసి, తెరిచాడు. ఈసారి గోడ నున్నగా ఉంది.

"గట్ల రా దారికి," అని వెనక్కి వాలాడు.

మెడకు చల్లగాలి తగిలింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గాలి వెంట పచ్చి పసుపు వాసన. వెనక ఎవరో గడప అవతల చెప్పులు విడిచిన చప్పుడైంది.

అమరేందర్ తల తిప్పలేదు.

"పొద్దున ఇంజనీరు వస్తడు," అన్నాడు పళ్లు కొరుకుతూ. ఆపైన వెనక్కి తిరగకుండానే చేతులు జోడించాడు. "జర గీ ఒక్క దినం ఆగరాదూ, నీ కాల్మొక్త."