తోకమ్మ వైవా

పదకొండింటికి పీహెచ్‌డీ వైవా. పదిన్నరకే ఆమె మెట్ల మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. మోకాలు నిమురుకుని మళ్ళీ ఎక్కింది.

పరిశోధనశాలలో అందరూ ఆమెను తోకమ్మ అంటారు. భూమి అయస్కాంత క్షేత్రానికి సూర్యుడికి వ్యతిరేక దిశలో లక్షల మైళ్ళ తోక ఒకటి ఉంటుంది. అందులో అప్పుడప్పుడూ అయస్కాంత తుఫాన్లు రేగుతాయి. మన వాతావరణం పైపొరల్లోంచి ఆక్సిజన్ అయాన్లు ఆ తోకలోకి ప్రవహిస్తాయి. తుఫానుకు ముందా, తర్వాతా? ఆ ఒక్క ప్రశ్నే ఆమె ఆరేళ్ళ చదువు.

“ఈ చదువు అయ్యేదెప్పటికి?” అని అడగడం ఇంట్లోవాళ్ళు మానేసి రెండేళ్ళయింది.

ఆలస్యానికి కారణం గైడు. ఒక్కో అధ్యాయాన్నీ ఏడేసిసార్లు తిప్పి పంపాడు. మిగతా విద్యార్థులందరినీ “ఏరా, ఏమ్మా” అని నోరారా పిలిచే మనిషి, ఆమెను మాత్రం ముక్తసరిగా “మీరు” అంటాడు. ఆమె గదిలోకి వస్తే చాలు, కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోతాడు.

“సార్‌కి మీరంటే ఎందుకంత మంట?” అని పక్క టేబులు అమ్మాయి ఓసారి అడిగింది.

“ఆయన తోక తొక్కాను మరి,” అంది తోకమ్మ నవ్వుతూ.

నిజానికి తొక్కాల్సింది ఇవాళే. ఆక్సిజన్ ముందు చేరుతుందనీ, తుఫాను ఆ తర్వాతే లేస్తుందనీ చెప్పిన పేపరుతోనే గైడుకు పేరొచ్చింది. తోకమ్మ లెక్కలు తలకిందులుగా వచ్చాయి. తుఫాను ముందు, ఆక్సిజన్ వెనక.

“వైవాలో నిరూపించండి. నిలబడకపోతే డిగ్రీ ఆశ వదులుకోండి,” అనేశాడు గైడు.

పదకొండింటికి వైవా గదిలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

“అంటే మీ గైడు గారిది తప్పంటారా?”



“కొలతలు తప్పు కాదండి. లెక్క తప్పింది,” అంది తోకమ్మ.

సుద్దముక్క తీసుకుంది. చివరి వరసకు కూడా కనబడేంత గుండ్రటి అక్షరాలతో బోర్డు నింపింది. రెండు ఉపగ్రహాల గడియారాల మధ్య పదకొండు నిమిషాల తేడా ఉంది. దాన్ని తీసేయాల్సిన చోట పేపర్లో కలిపారు. దాంతో వెనక వచ్చిన ఆక్సిజన్ ముందుకొచ్చి కూర్చుంది.

గైడు లేచాడు. బోర్డు దగ్గరికొచ్చి రెండో లైను మీద వేలు పెట్టాడు. పైనుంచి కిందకి రెండుసార్లు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“నా పేపర్లో ఇక్కడ మైనస్ ఉండాల్సింది,” అన్నాడు చివరికి. “తప్పు నాదే. ఆవిడకి డిగ్రీ ఇచ్చేయండి.”

పరీక్షకుడు నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టాడు.

చేతికంటిన సుద్దపొడి దులుపుకొని, తోకమ్మ ఆరేళ్ళలో మొదటిసారి “సార్” అన్న మాట పక్కన పెట్టి, “ఎనిమిదో తరగతిలో నేను బెంచీ ఎక్కించి వందసార్లు రాయించినా నీకీ మైనస్ మింగేసే అలవాటు పోలేదు కదరా నాయనా,” అంది.