ఎడమ స్పీకర్

"ఎడమ స్పీకర్ మూగబోయింది," అన్నాడు రాకేశ్, పాటను మధ్యలోనే ఆపేసి.

గదిలో ఉన్నవాళ్లు తలలూపారు.

ఇబ్రహీంపట్నంలో రాకేశ్ మేడమీది గదికి పేరుంది. ఆదిభట్ల కంపెనీలో వచ్చే జీతం సగం ఆ గదే మింగేసింది. గోడలకు దూది పలకలు, కిటికీలకు మందపాటి తెరలు, నడుమ ఒకటే కుర్చీ. కంప్యూటర్లోంచి పాటను ఇంత శుద్ధంగా వినాలంటే తన గదికే రావాలని అతని గర్వం. ఆదివారం పొద్దున్నే స్నేహితులు చేరేవారు. వినేది తక్కువ, కొట్లాడుకునేది ఎక్కువ.

"ల్యాప్‌టాప్ చార్జర్ పీకెయ్ అన్నా. కరెంటు రొద పాటల కలుస్తది," అన్నాడు హయత్‌నగర్‌లో కంప్యూటర్ల షాపు నడిపే వీరస్వామి.

"పీకిన."

"అయితే డ్యాకే ఖరాబైంది." కంప్యూటర్లోని అంకెలను పాటగా మార్చే చిన్న డబ్బా అది. వీరస్వామి దాన్ని వేలితో తట్టాడు.

"డ్యాక్ మార్చిన. వైర్లు మార్చిన. ఎడమ స్పీకర్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు పెట్టిన. అయినా ఎడమ దిక్కే మూగ!"

"అవ్ అన్నా, మాకూ తెలుస్తుంది," అన్నారు అందరూ. టీ పోసినవాడి మాట కాదనడం ఎందుకు?

ఒక్కడే తలూపలేదు.

రాకేశ్ స్నేహితుడు దయాకర్ వెంట వచ్చిన కొత్త మనిషి. పేరు పరమేష్, రావిర్యాల ఆయన. నడివయసు దాటింది. కుర్చీలో కూర్చుని వినమంటే వద్దని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పాట బాగుందనలేదు, బాగాలేదనలేదు. స్పీకర్లను వదిలేసి మనుషుల ముఖాలే చూస్తున్నాడు.

రాకేశ్‌కు అది మొదటినుంచీ మంటగానే ఉంది.

"ఏం పెద్దమనిషి, నా ముఖంల పాట కనపడుతుందా?"

"స్పీకర్ మంచిగనే ఉంది," అన్నాడు పరమేష్, చిన్న గదికి అక్కర్లేనంత పెద్ద గొంతుతో. "కంప్యూటర్ మంచిగనే ఉంది. నువ్వు దవాఖానకు పో. చెవి చూపించుకో."

టీ తాగుతున్నవాళ్లు ఆగిపోయారు.

"ఎడమ పక్క నుంచి ఎవరు మాట్లాడినా మెడ తిప్పి కుడి చెవి ఇస్తున్నవ్. జర స్పీకర్లకు వీపు పెట్టి కూచో. అప్పుడు కుడి స్పీకర్ మూగబోతే, అది నీ ఎడమ చెవి రోగం. ఊకుంటే వినికిడి ఇగ తిరిగి రాదు. రేపే పో."

రాకేశ్ లేచాడు. అతని ముఖం జేవురించింది.

"నా చెవికే పేరు పెడ్తవా? కండ్లు మూసుకొని ఏది ఎంపీత్రీ, ఏది అసలు పాటనో చెప్పేటోన్ని నేను! నీ ఇంట్ల ఏముంది? రేడియోనా?"

"ఇప్పుడైతే ఏం లేదు."

"ఏం లేనోనివి నాకు చెప్పొస్తివా! చెవిటోనివి నువ్వు, నీ అయ్య చెవిటోడు! నడువ్ బయటికి!"

వీరస్వామి పకపకా నవ్వాడు. దయాకర్ ఏదో చెప్పబోయాడు. పరమేష్ కళ్లతోనే వారించి, గడప దాటి చెప్పులేసుకున్నాడు.

"తిట్టు, ఫికర్ లేదు. రేపు మాత్రం పో."

రాకేశ్ తలుపు ధడాలున వేశాడు.

అందరూ వెళ్లాక కుర్చీ వెనక్కి తిప్పాడు. వీపు వెనక పాట మొదలైంది.

ఈసారి కుడి స్పీకర్ మూగబోయింది.

కానీ దవాఖానకు పోతే వాడి మాటే నెగ్గినట్టు కదా! జలుబై ఉంటుంది, అదే పోతుందనుకున్నాడు. స్నేహితులకు మాత్రం కొత్త కేబుల్ తెప్పిస్తున్నానని చెప్పాడు. కేబుల్ వచ్చింది. ఆ తర్వాత కంప్యూటరే మారింది.

"ఎడమ దిక్కు ఫోన్ పెట్టుకుంటలేవేంది?" అని భార్య కరుణ అడిగితే కసిరాడు.

"దవాఖానకు పోయినవా అన్నా?" అని దయాకర్ అడిగితే, "వాని ముచ్చట తీస్తే నీ దోస్తీ బంద్," అన్నాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, ఎడమవైపు లోకమంతా ఆగిపోయింది. కరుణ ఇక మాట వినలేదు. పట్టుబట్టి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

"మొదట్లోనే వస్తే మందులు పనిచేసేవేమో. ఇప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు," అన్నాడు డాక్టరు. "అప్పుడు ఎవరూ చెప్పలేదా?"

రాకేశ్ కుర్చీలోంచి లేచాడు.

అటునుంచి అటే దయాకర్ ఇంటికి పోయాడు.

"ఆ పరమేషన్న ఇల్లు చూపెట్టు. కాళ్లు పట్టుకుంట. ఆయన డాక్టరా?"

"కాదు."

"మరి అంతమందిల ఆయనొక్కడే ఎట్ల విన్నడు?"

దయాకర్ రాకేశ్‌కు కుడిపక్కగా జరిగి కూర్చున్నాడు.

"ఆయనకు గూడ నీ లెక్కనే ఒక రూముండె. నీ లెక్కనే వైర్లు మార్చుకుంట కూసున్నడు. నీ స్పీకర్ ముచ్చట బస్సుల నేను చెప్తే, ఊకె ఉండలేక వచ్చిండు. అసలు సంగతి చెప్తే నువ్వు నవ్వుతవని నన్ను నోరు మూసుకొమ్మన్నడు."

"ఏం సంగతి?"

"ఆయనకు రెండు చెవులూ పోయినయన్నా. ఆ రోజు నీ పాట ఒక్క ముక్క ఆయనకు వినపడలే. నువ్వు తిట్టిన తిట్లు మాత్రం, నీ పెదవుల మీద చదువుకున్నడు."