పరగడుపున మందు

“ఉన్నవాటిలో గట్టిది ఇవ్వండి. సాయంత్రానికి జలుబు వదిలిపోవాలి,” అన్నాడు డ్రైవరు, కౌంటరు మీద మోచేతులు ఆనించి.

మందుల షాపావిడ జలుబు మాత్రలు తీసి కౌంటరు మీద పెట్టింది కానీ, వాటి మీంచి చెయ్యి తియ్యలేదు. డాక్టరు చీటీ అక్కర్లేని మందైనా సరే, నాలుగు ప్రశ్నలు అడగందే ఇవ్వకపోవడం ఆవిడ పద్ధతి. ఇవాళ నాలుగుతో సరిపెట్టేలా లేదు.

“సాయంత్రం ఏముంది?”

“కొండ రూటు బస్సండీ. ఏడాదిగా కాళ్లావేళ్లా పడితే ఇవాళ ఇచ్చారు. ఇలా చీదుకుంటూ కనబడితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. మా కండక్టర్ మాత్రం, ఇంకెక్కడికీ వెళ్లొద్దు, ఈ షాపుకే వెళ్లమన్నారు.”

“అలాగా,” అంటూ ఆవిడ కళ్లజోడు సవరించుకుని అతన్ని ఎగాదిగా చూసింది. “ఇంట్లో చిన్నపిల్లలున్నారా? మాత్రలు వాళ్లకి అందకుండా పెట్టాలి.”

“నాకింకా పెళ్లే కాలేదండీ. నేనూ మా అమ్మా, అంతే.”

“మందు అలవాటుందా?”

“పొద్దున్నే ఒకటి పడాల్సిందేనండీ.”

ఆవిడ ముఖం మాడిపోయింది. “పొద్దున్నేనా?”

“పరగడుపున. లేకపోతే రోజంతా ఒళ్లు బరువుగా ఉంటుంది.”

“మీ అమ్మగారు ఏమీ అనరా?”

“ఆవిడే గ్లాసు అందిస్తుంది.”

షాపావిడ స్టూలు మీద కూలబడింది. “కన్నతల్లేనా?”

“నేను మర్చిపోతానని థైరాయిడ్ మాత్ర, నీళ్లు తనే తెచ్చిస్తుంది. ఏమైందండీ?”

ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. మందుల షాపులో కూర్చుని మందంటే సీసా అనుకున్నందుకు లోలోపలే నవ్వుకుంది. మరుక్షణం నవ్వాపి, కౌంటరు మీది మాత్రలు వెనక్కి లాక్కుంది.

“ఆ ముక్క ముందే చెప్పాలి బాబూ. ముక్కు దిబ్బడ తీసే ఇలాంటి మాత్రలు థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. కొందరికి గుండె దడ వస్తుంది.”

“మరి ఇంకేదైనా?”

“ఉంది. ముక్కు కారడం తగ్గిస్తుంది. కాకపోతే కునుకు పట్టొచ్చు. ఒక టీ తాగి ఓర్చుకోగలరా?”

గొంతు మామూలుగానే ఉంది కానీ, ఆవిడ చూపు అతని మీంచి కదల్లేదు.

డ్రైవరు ఆ పెట్టె అందుకుని వెనకవైపు సన్నక్షరాలు పట్టిపట్టి చదివాడు. మత్తుగా ఉండవచ్చు, వాహనాలు నడపరాదు అని రాసి ఉంది. ఏడాది ఎదురుచూసిన రూటు చేజారిపోతోందని అతనికి దిగులేసింది. అయినా పెట్టె తిరిగి ఇచ్చేశాడు.

“వద్దండీ. కునుకుతో కొండ ఎక్కడమంటే కొరివితో తల గోక్కోవడమే. నా ఒక్కడి తలా కాదు, నా వెనక బస్సు నిండా జనం ఉంటారు. రూటు పోతే పోయింది, మళ్లీ అడుగుతాను.”

“పోదులే. ఇదిగో, ఈ ఉప్పునీళ్ల స్ప్రే ముక్కులో కొట్టుకో. ఇంటికెళ్లి ఆవిరి పట్టు. నిద్రా రాదు, దడా రాదు. అప్పటికీ తల తిరిగినట్టు, నీరసంగా ఉంటే మాత్రం స్టీరింగ్ ముట్టుకోకు. సరేనా?”

మీరు కాస్తా నువ్వు అయిపోయిందని అతను గమనించలేదు. మొదటి విడత అక్కడే కొట్టుకుని, గట్టిగా ఊపిరి పీల్చి చూసుకుని, ధీమాగా బయల్దేరాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, షాపావిడ ఫోన్ తీసింది.

“ఏమే కండక్టరూ, నీ డ్రైవరు మీ అమ్మకి నచ్చాడు.”