పక్క రేవు దీపం

"ఆ దీపానికి కరెంటు తగ్గించు తల్లీ," అన్నాడు ముసలాయన.

సీతాలు ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎన్నడూ చూసిన మొహం కాదు.

పొద్దు వాలుతోంది. సముద్రం మీద గాలి ముదురుతుందని రేడియోలో ఒడియాలో చెప్పారు. మొగుడు దాలయ్య పడవ ఇంకా రాలేదు. అసలే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్న మనిషి దగ్గరికొచ్చి దీపం తగ్గించమంటాడేమిటి ఈ పెద్దమనిషి!

ఆ తీరంలో ఒక్కో రేవుకి ఒక్కో రంగు దీపం. వీళ్లది ఆకుపచ్చ, పక్క రేవుది నీలం. చీకట్లో ఆ రంగు చూసుకునే పడవలు ఒడ్డుకొస్తాయి. ఈ రేవు దీపం సీతాలు ఇంటి ముందు గెడకి ఉంటుంది. ఇంకా దూరం కనబడాలని ఆమే పట్టుబట్టి, బరంపురం నుంచి మెకానిక్కుని రప్పించి, నిన్ననే ఎల్‌ఈడీకి కరెంటు పెంచించింది. వెలుగు రెట్టింపయింది. రేవంతా మెచ్చుకుంది.

"కరెంటు ఎక్కువైతే ఆకుపచ్చ ఎల్‌ఈడీ నీలంలోకి తిరిగిపోద్దమ్మా," అన్నాడాయన. "దూరం నుంచి సూస్తే మీదీ మాదీ ఒక్కలాగే ఉన్నాయి. మా రేవు ముందర రాళ్లు. మావోళ్లకి సందు తెలుసు. మీవోళ్లకి తెలీదు."

సీతాలుది ఆ రేవులో పేరుమోసిన నోరు. మా వెలుగు చూసి ఓర్వలేక వచ్చావా అంది. వయసు చూసి ఊరుకుంటున్నానంది. ఊరుకున్నది మాత్రం లేదు.

ఆయన అన్నీ పడ్డాడు.

"తగ్గిస్తే మావోడికి కనబడకపోతేనో? నువ్వు తెచ్చిస్తావేటి నా మొగుణ్ని?" అంటూ చివరికి ఏడ్చేసింది.

ముసలాయన కాసేపు సముద్రం వైపు చూశాడు.

"ఏడవకమ్మా. నీ దీపం అలాగే ఉండనీ," అని వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

పీడ వదిలిందనుకుంది సీతాలు.

తెల్లారుతుండగా దాలయ్య పడవ ఇసుక మీదికొచ్చింది. సీతాలు పరుగెత్తి మొగుణ్ని తడిబట్టలతోనే పట్టేసుకుంది.

"మన దీపం నీలంగా కనబడిందేటే?" అన్నాడు దాలయ్య. "పక్క రేవనుకుని మనదాని కోసం ఎతికినాను. ఎంత ఎతికినా రెండో దీపం లేదు. ఉన్నదొక్కటే కదా, ఏదైతే అదవుద్దని ఇటొచ్చీసినాను. రెండూ ఎలుగుతుంటే ఏది మనదో తెలక రాళ్ల మీదికి పోదును."

రెండోది ఆర్పిందెవరో సీతాలుకి వేరే చెప్పక్కర్లేదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఎక్కడున్నా వెతుక్కుంటూ వెళ్లి ఆయన కాళ్లు పట్టుకోవాలనుకుంది.

అంతలో ఆయనే ఒడ్డు వెంట పడుతూ లేస్తూ వస్తున్నాడు.

"తప్పయిపోనాది తాతా," అంటూ ఎదురెళ్లింది.

ఆయనకి వినబడనేలేదు. ఆమెని దాటేశాడు, దాలయ్యని దాటేశాడు, మోకాటి లోతు నీళ్లలోకి దిగిపోయాడు. అక్కడ ఇంకో పడవ ఒడ్డుకొస్తోంది. ఈ రేవు పడవ కాదది.

అందులోంచి దూకిన కుర్రాడు, "రాత్రి మన దీపం ఎందుకారిపోనాది నాన్నా?" అని అడుగుతూ ముసలాయన్ని వాటేసుకున్నాడు.