మూడో దీపం

ఆ కిటికీలో ఈసారి మూడో దీపం ఉండకూడదు. హెడ్విగ్ కోరిక అంతే.

బస్సు మంచుదారిలో మెల్లగా కొండెక్కుతోంది. జర్మనీలోని శాక్సనీ గనుల కొండల్లో డిసెంబరు వచ్చిందంటే కాఫీ వేళకే పొద్దు వాలిపోతుంది. అప్పుడు ఊరూరా ప్రతి కిటికీ వెలుగుతుంది. ఆ వెలుగులను చూపించడానికే ఈ బస్సు. ఎక్కినవారందరూ నెరిసిన తలలవారే.

"కుడివైపు వాళ్ళు చూసింది చాలు, తలలు కాస్త వెనక్కి పెట్టండి," అన్నాడు డ్రైవరు మైకులో. "ఎడమవైపు వాళ్ళు కూడా కళ్ళు తెచ్చుకున్నారు."

హెడ్విగ్ పక్కన కూర్చున్న ఎల్ఫ్రీడ పెద్దగా నవ్వింది. ఆమె ఈ కొండల మనిషే. భర్త గని కార్మికుడు, చనిపోయి చాలాకాలమైంది. బస్సెక్కినప్పటి నుంచి ఆమె నోటికి విశ్రాంతి లేదు.

"ఇంట్లో ఎంతమంది మగపిల్లలుంటే కిటికీలో అన్ని గనికూలీ బొమ్మలు. ఎంతమంది ఆడపిల్లలుంటే అన్ని దేవదూతలు. ఒక్కో బొమ్మ చేతిలో ఒక్కో దీపం. రోడ్డున పోయేవాడికి కూడా మా సంసారం సంగతంతా తెలిసిపోతుంది. మాకు దాచుకోడానికేం ఉండదు."

"తెలుసు," అంది హెడ్విగ్.

"మీకెంతమంది?"

"ఒక్కతే కూతురు. డోరీన్."

"అయితే మీ కిటికీలో ఒక్క దేవదూతన్నమాట."

"మేం పట్నం వాళ్ళం. మాకా ఆనవాయితీ లేదు."

పోయినేడు డోరీన్ కూడా ఇదే బస్సులో ఆమె పక్కన కూర్చుంది. "ప్రతి యేడూ ఇదే ఊరు. దిగీదిగ్గానే ఆ ఒక్క కిటికీ ముందు నిలబడతావు. ఎవరిదమ్మా ఆ ఇల్లు?" అని అడిగింది. "ఎవరిదో," అని హెడ్విగ్ మాట దాటవేసింది. ఈ యేడు రమ్మంటే తీరిక లేదంది డోరీన్. వేసవి వెళ్ళినప్పటి నుంచి ఆమె ఫోన్లు కూడా తగ్గిపోయాయి.

కూతురికి చెప్పని సంగతి హెడ్విగ్ ఎల్ఫ్రీడకు చెప్పింది. పరాయి మనిషి, మళ్ళీ కనబడేది కాదు.

"వచ్చే ఊళ్ళో గుడ్రున్ అని ఒకావిడ ఉంది. నేను నర్సుగా ఉన్న ఆసుపత్రిలోనే ఆవిడ తొలి కాన్పు. నేనే పురుడు పోశాను. ఆడపిల్ల. ఆవిడకి దక్కలేదు."

"అయ్యో పాపం."

"తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. అయినా ఆ ఇద్దరు కూలీల మధ్యన దేవదూతని పెడుతూనే ఉంది."

"పోయిన బిడ్డకి మా ఇళ్ళల్లో బొమ్మ పెట్టమే. పసిదాని ముఖమైనా చూసుకుందా ఆవిడ?"

"అప్పట్లో చూపించేవాళ్ళు కాదు. తల్లులు తట్టుకోలేరని."

"అదీ సంగతి. మట్టి వేయడం కళ్ళారా చూడకపోతే మనసు ఒప్పుకోదు." ఎల్ఫ్రీడ అల్లం రొట్టె విరిచి సగం ఆమెకు అందించింది. "మా ఆయన గనిలోకి దిగితే మా అత్త కిటికీలో దీపం పెట్టేది. మనిషి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పాకే ఆర్పేది. ఒకసారి గని కూలిపోయి ఆయన రెండ్రోజులు రాలేదు. 'ఇంకెందుకత్తా, నూనె దండగ' అన్నాను. చెంప పగిలింది. మూడో రోజు ఆయన వచ్చి, నా బుగ్గ చూసి, గనిలో పడింది నువ్వా నేనా అన్నాడు."

హెడ్విగ్ నవ్వలేదు. రొట్టె కూడా తినలేదు.

"ఆ ఒక్క దీపం ఆరిపోతే నేను నిశ్చింతగా కన్ను మూస్తాను."

"మీది మెత్తని మనసు," అని ఎల్ఫ్రీడ ఆమె చేతి మీద చెయ్యి వేసింది.

బస్సు చర్చి పక్కన ఆగింది. మెట్ల మీద కుర్రకారు బాకాలు ఊదుతున్నారు. హెడ్విగ్ ఎవరికోసమూ ఆగకుండా, జారే మంచు మీద చేతికర్ర పొడుచుకుంటూ, రొట్టెల అంగడి దాటి సందులోకి తిరిగింది. ఎల్ఫ్రీడ రొప్పుతూ వెంట నడిచింది.

కిటికీలో ఇద్దరు కూలీలు నిలబడి ఉన్నారు. వారి మధ్య చోటు ఖాళీగా ఉంది.

హెడ్విగ్ మరోసారి చూసింది. గాజుకు దగ్గరగా వెళ్ళి చూసింది. దేవదూత లేదు. అంటే ఆ తల్లి చివరికి నమ్మింది, లేదా చనిపోయింది. ఏదైనా సరే. ఇన్నేళ్ళుగా గుండెల మీద ఉన్న బండ దిగినట్లయింది.

"చూశారా, మీ మొర దేవుడు విన్నాడు," అంది ఎల్ఫ్రీడ. "వెళ్ళి ఓ మాట పలకరించి రండి."

"ఇప్పుడా?"

"ఇంకెప్పుడు? వచ్చే యేటికి మీరుంటారా, నేనుంటానా? పురుడు పోసిన చెయ్యి మీది. మీరు ఓదారిస్తే ఆవిడకి ఎంతో ఊరట."

ఆ ఇంటి గేటును హెడ్విగ్ ఇంతవరకు ఒక్కనాడూ దాటలేదు. ఈ రోజు దాటకూడని కారణమేదీ ఆమెకు కనిపించలేదు. తలగుడ్డ సర్దుకుంది. వార్డులో వాడిన మెత్తని గొంతును సవరించుకుంది. ఆనాడు గుడ్రున్ మంచం పక్కన నిలబడి బిడ్డ కబురు చెప్పింది కూడా ఆ గొంతుతోనే.

తలుపు తట్టింది. లోపల అడుగుల చప్పుడు దగ్గరయింది.

తలుపు తెరిచింది డోరీన్.

"అమ్మా," అని, హెడ్విగ్ ముఖం మీది నుంచి చూపు తిప్పకుండానే, ఆమె ఇంటిలోపలికి వినబడేలా గొంతెత్తి చెప్పింది, "నీ పురిటి మంచం మీంచి నన్ను ఎత్తుకుపోయినావిడ వచ్చింది."